తెడ్లు దాచిన పెద్దమామ

మా పెద్దమామ కరీంనగర్ ఆసుపత్రిలో పోయాడు. ఆ కబురు ఫోన్‌లో చెప్పింది మా ఆయన. ఇక్కడ ఎడతెగని ముసురు, రేకుల మీద ఒకటే మోత. "పెద్దబాపు పోయిండే" అన్నాడు. నాకింకా ఏడుపైనా రాకముందే "నీళ్లు యాడిదాక వచ్చినయి?" అని అడిగాడు. తలుపు తీసి చూశాను. నిన్న మేకలు మేసిన గడ్డి మీదికి డ్యాం నీళ్లు వచ్చేశాయి. అదే చెప్పాను. చావు కబురులో కూడా నీళ్ల సంగతి అడిగే ఇల్లు మాది. అలా అడగడం నేర్పింది ఆ పోయినాయనే.

పెద్దమామ అంటే మా మామకు అన్న. మా మామను నేను చూడలేదు. మా ఆయన చిన్నప్పుడే, ఒక వానాకాలం, తాడు తెగి కొట్టుకుపోతున్న తన పడవను పట్టుకొస్తానని ఇంకొకరి పడవెక్కి వెళ్లి, డ్యాం గేట్ల దగ్గర పోయాడు. ఒడ్డు మీద నిలబడి అంతా చూసినవాడు పెద్దమామ. తమ్ముడి కొడుకును తన కొడుకుగా పెంచి, వల వేయడం నేర్పి, పెళ్లి చేశాడు. ఆనాటి భయం మాత్రం ఆయన ఒంట్లోనే ఉండిపోయింది.

నాది జమ్మికుంట పక్క. పత్తి బండ్లు చూస్తూ పెరిగినదాన్ని, ఈత రాదు. పెళ్లయి వచ్చిన కొత్తలో సాయంత్రపు ఎండలో డ్యాం నీళ్లు, ఆ పడవలు చూసి మురిసిపోయి అక్కడే నిలబడ్డాను. పెద్దమామ వచ్చి పక్కన నిలబడి "మంచిగ కనబడుతుందా బిడ్డా?" అన్నాడు. మంచిగుంది మామా అన్నాను. "కనబడుతది. గదే పరేషాన్" అని వెళ్లిపోయాడు. ఇదేం మనిషిరా నాయనా, కొత్త కోడలితో మాట్లాడే మాటేనా ఇది అనుకున్నాను.

ఆ వానాకాలం వచ్చాక తెలిసింది ఆయన సంగతి. పై నుంచి వరద వస్తుందని తెలియగానే మా ఊళ్లో పడవలున్న వాళ్లందరూ పడవలను ఒడ్డు మీదికి లాగి, చెట్లకు, రాళ్లకు వదులుగా కడతారు. తాడు పొట్టిగా ఉంటే నీళ్లు లేచినప్పుడు పడవ ముక్కు కిందికి గుంజుకుని మునుగుతుంది. పెద్దమామ ఒడ్డంతా తిరిగి అందరి తాళ్లూ చూసేవాడు. చూశాక, ఒక్కొక్క పడవలోంచి తెడ్లు తీసుకుని భుజాన వేసుకుని మా ఇంటికి మోసుకొచ్చేవాడు. ఎవరినీ అడిగేవాడు కాదు. లోపలి అర్రలో, గది నిండా పేర్చి, గడప మీద కూర్చునేవాడు. నీళ్లు తగ్గేదాకా తిండి అక్కడే, చాయ్ అక్కడే, కునుకూ అక్కడే. తెడ్డు లేనిదే ఎవడూ పడవ తీయలేడు. పడవ కొట్టుకుపోయినా వెనక వెళ్లలేడు. అంతే ఆయన లెక్క.

తిట్లు మాత్రం బాగా పడేవి. ఒకసారి ఒకాయన పడవ మా కళ్ల ముందే ఊడింది. కొత్త పడవ, అందులో వల కూడా ఉంది. ఆయన మా గడప ముందుకొచ్చి "తెడ్డియ్యి కాకా, గిప్పుడే పోయి గిప్పుడే అస్త. నీ భయం నీ ఇంట్ల పెట్టుకో" అని నోటికొచ్చినట్టు అరిచాడు. పెద్దమామ కదల్లేదు. "ఇంట్లనే పెట్టుకున్న. నీ తెడ్డు గూడ గాడనే ఉన్నది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. కానీ ఆయన రెండు చేతులా గడపను గట్టిగా అదిమి పట్టుకుని ఉండటం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. ఆ పడవ దొరకలేదు. ఆ మనిషి చాలాకాలం మా ఇంటి వైపు చూడలేదు.

మగవాళ్లు భయాన్ని కోపంగానో, తాగుడుగానో మార్చుకుంటారని నేను అనుకునేదాన్ని. ఈయనకు ఆ సిగ్గు లేదు. "నాకు బుగులైతుందే" అని పిల్లల ముందు కూడా అనేసేవాడు. ముసురు పట్టిందంటే చేపల కూర ముట్టేవాడు కాదు. మాటిమాటికీ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి వాన ఎంత బరువుందో చూసేవాడు. వెలిగించని బీడీ ఒకటి పొద్దంతా పెదాల మధ్య నానుతూ ఉండేది. "ఎందుకు మామా అంత ఫికర్?" అని ఒకసారి విసుక్కున్నాను. కోపం చేయలేదు. "ఉట్టి పడవ ఉరుకదు బిడ్డా. మెల్లగ పోతది. నాలుగు తెడ్లేస్తే దొరుకుతదనిపిస్తది. నా తమ్మునికి గట్లనే అనిపిచ్చింది" అన్నాడు. తమ్ముడి గురించి ఆయన నాతో అన్నది ఆ ఒక్కసారే.

ఈ ఏడు వరద మొదలయ్యేసరికి ఆయన మంచాన ఉన్నాడు. తడిసి తడిసి పట్టిన జ్వరం ఊపిరితిత్తులకు దిగింది. ఆసుపత్రికి తీసుకెళుతుంటే ఆటోలోంచి "తెడ్లు, తెడ్లు" అన్నాడు. సరే మామా అన్నాం. ఆ గాబరాలో ఎవరికి గుర్తుంటుంది? ఆయన చేసే పని ఇంకొకరు చేయాలన్న ఆలోచన కూడా ఊళ్లో ఎవరికీ రాలేదు. శవం వానలోనే వచ్చింది, వానలోనే సాగనంపాం.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి, ఆయనను పూడ్చిన చోటికి, ఒడ్డు మీది బొందలగడ్డకు అందరం వెళ్లాం. విస్తరిలో అన్నం తడిసిపోతోంది కానీ ఒక్క కాకి రాలేదు. పోయినాయన మనసులో ఏ కోరిక మిగిలిందో ఏమోనని మగవాళ్లు గుసగుసలాడుతున్నారు. అప్పుడు ఎవరో అరిచారు. మా పడవ, మొన్ననే కొన్న వలతో సహా, చెట్టు నుంచి ఊడి నీళ్లలో పోతోంది. దూరంగా గేట్ల మోత వినిపిస్తోంది. పడవ మాత్రం ఏ తొందరా లేకుండా, పక్కింటికి వెళుతున్నట్టు పోతోంది.

మా ఆయన అప్పటికే ఉరికి, దగ్గర్లో ఉన్న పడవ ఎక్కేశాడు. అందులో తెడ్డు ఉంది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి నీళ్లలో దిగి, మోకాలి లోతుకు వెళ్లి, ఆ పడవ అంచు పట్టుకుని ఎక్కి లోపల కూర్చున్నాను.

"దిగే. పడవ పోతుంది."

"దిగ. పోతే ఇద్దరం పోదాం."

"నీకు ఈత రాదు, పిచ్చిదానా."

"రాదు. గందుకే కూసున్న."

భుజం పట్టి లాగాడు, తిట్టాడు, బతిమాలాడు. "మన బతుకే పోతుందే, చూడు" అన్నాడు. నేను ఆయన ముఖమే చూశాను. నేను ఎప్పుడూ చూడని మా మామ ఇలాగే నిలబడి ఉంటాడని, అప్పుడు ఆయన ఎక్కిన పడవలో ఇంకెవరూ లేరని అనిపించింది. మా ఆయన ఒకసారి నన్ను, ఒకసారి నీళ్లను చూస్తూ ఉండిపోయాడు. ఆఖరికి తెడ్డు కింద పడేసి, దిగి, నా ముంజేయి పట్టుకుని దింపాడు.

ఒడ్డున బురదలో నిలబడ్డాం. మా పడవలో వల కుప్ప మీద తెల్ల కొంగ ఒకటి కూర్చుని ఉంది. గేట్లు దగ్గరపడ్డాక పడవ నిజంగానే ఉరికింది. అంత వేగంగా పోగలదని నాకు తెలియదు. ఒక్కసారి అడ్డం తిరిగింది, కొంగ లేచి వానలోకి ఎగిరిపోయింది, తర్వాత అక్కడ నీళ్లే ఉన్నాయి. "పెద్దబాపూ" అని మా ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే ఉన్నాడు, నా చెయ్యి మాత్రం వదల్లేదు. ఆయన వేళ్ల కింద నా గాజు ఒకటి పగిలి చేతికి గుచ్చుకుంటోంది. నేను చెప్పలేదు.