కొలత లేని కషాయం

వీధి చివర కుట్టు మిషన్ పెట్టుకున్న టైలరుని అందరూ మిరియాల బాబాయ్ అంటారు. బట్టలు ఎంత బాగా కుట్టినా, ఆ పేరు మాత్రం కషాయం వల్లే వచ్చింది. ఎవరికి జలుబు చేసినా ముక్కు తుడుచుకుంటూ తిన్నగా అతని కొట్టుకే వస్తారు. అతను కత్తెర పక్కన పెట్టి, వెనక వంటగదిలోకి వెళ్లి, మిరియాలు, శొంఠి, వాము నలగ్గొట్టి నీళ్లలో పడేస్తాడు. మరుగుతుంటే గిన్నె మీదికి వంగి వాసన చూస్తాడు. "ఇంకా రాలేదు" అని ఇంకో నాలుగు మిరియాలు వేస్తాడు. "ఆ, వచ్చింది" అనగానే బెల్లం ముక్క వేసి దించేస్తాడు. దీంతో జలుబు పోతుందా అని అడిగితే, "దాని టైముకి అదే పోతుందిరా. పోయేదాకా గొంతుకి హాయిగా ఉంటుంది, అంతే" అంటాడు. గొప్పలు పోయే మనిషి కాదు.

నిజానికి ఆ కషాయం అతనిది కాదు, భార్యది. ఆవిడ బతికుండగా అతను వంటగది గడప తొక్కిన పాపాన పోలేదు. మిషన్ దగ్గర కూర్చునే ఆ ఘాటు పీల్చేవాడు. ఎంతెంత వేస్తావని ఒకసారి అడిగితే, "ఏమో, చూసుకోలేదు" అంది ఆవిడ. ఆవిడ పోయాక అతనికి జలుబు చేసింది. తెలిసింది వాసన ఒక్కటే. దాన్ని పట్టుకుని, గిన్నెలకు గిన్నెలు పారబోసి, చివరికి సాధించాడు. ఆ వాసన వచ్చిన క్షణాన పొయ్యి ముందే కూలబడి ఏడ్చాడు. అప్పటినుంచి అడిగినవాళ్లకల్లా కాచి ఇస్తున్నాడు. జనం పరోపకారం అనుకున్నారు. ఆ కాసేపూ ఆవిడ ఇంట్లో తిరుగుతున్నట్టుంటుందని ఎవరికి చెప్పుకుంటాడు?

అలాంటివాడికి ఈ చలికాలం పట్టిన జలుబు, పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. తుమ్ములు ఆగాయి, ముక్కు తెరుచుకుంది, వాసన మాత్రం రాలేదు. "కొందరికి నెలలు పడుతుంది, చూద్దాం" అన్నాడు డాక్టరు. ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడినా పొగ కనిపించేదాకా తెలియలేదు. దానికి అంత బాధపడలేదు. పక్కింటి మాస్టారు దగ్గుతూ వస్తే ఉజ్జాయింపుగా కాచి ఇచ్చాడు. ఆయన ఒక్క గుక్క తాగి, కళ్లనీళ్లు పెట్టుకుని, "బ్రహ్మాండంగా ఉంది బాబాయ్" అంటూ గ్లాసుతో సహా జారుకున్నారు. ఆ గ్లాసు మళ్లీ తిరిగి రాలేదు. ఆ తర్వాత ఎవరొచ్చినా "శొంఠి అయిపోయింది" అనడం నేర్చుకున్నాడు.

ఆ మాట ఆ నోటా ఈ నోటా పక్క ఊళ్లో ఉంటున్న కూతురి చెవిన పడింది. ఆదివారం పొద్దున్నే ఓ పొట్లం పట్టుకుని దిగింది.

"ఏంటి నాన్నా, ఊరంతా వెతికినా శొంఠి దొరకడం లేదటగా?"

ఇక దాచలేకపోయాడు. "వాసన తెలియడం లేదమ్మా. మీ అమ్మ కషాయం ఇక లేనట్టే."

"జేబు కుట్టాలన్నా టేపు పెట్టందే కత్తెర పట్టవు. దీన్ని ఒక్కసారైనా కొలవలేదా?"

"ముక్కుండగా టేపెందుకే అనుకున్నాను."

కూతురు చేతులు కడుక్కుని పొయ్యి వెలిగించింది. అతను స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాడు. ఆమె మిరియాలు వేసి వాసన చూసి, "ఊహూ, కాదు" అంది. శొంఠి వేసి, "దగ్గరికొస్తోంది" అంది. వాము చిటికెడు వేసి ఆగింది, ఇంకొంచెం వేసింది. అతను గిన్నె వంక చూడటం మానేసి ఆమె ముఖమే చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగిపోయింది. కళ్లు మూసుకుంది. జలుబు వంకతో బడి ఎగ్గొట్టి, దుప్పట్లోంచి అమ్మ కోసం చూసే చిన్నపిల్ల ముఖం అది. "నాన్నా..." అంది. అతనికి ఆవిరి వెచ్చదనం తప్ప ఏమీ తెలియలేదు. అయినా వచ్చిందని తెలిసిపోయింది.

చటుక్కున లేచాడు. "ఎంతెంత వేశావే? మర్చిపోకముందే చెప్పు."

"అయ్యో, చూసుకోలేదు నాన్నా!"

అతను ఆమె వంక అలాగే చూస్తుండిపోయాడు. తర్వాత కళ్లు తుడుచుకుంటూ పడీ పడీ నవ్వాడు. నవ్వు ఆగాక బెల్లం డబ్బా ఆమె చేతికిచ్చి, గుమ్మంలోకి వెళ్లి పక్కింటివైపు కేకేశాడు.

"మాస్టారూ, ఆ గ్లాసు పట్టుకుని రండి!"