నేను తుడిచేసిన బుడగలు

నేను బాగుందని సంతకం పెట్టిన పైపు నుంచి గ్యాసు కారి, ధర్మవరంలో ఒకావిడ చేతులు కాలిపోయాయి. కాగితాల్లో మాత్రం అది ఆమె నిర్లక్ష్యమని రాశారు. ఆ రాతకు ఆధారం నా సంతకమే. దీన్ని మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు.

మాది హిందూపురం. హోటళ్లకూ చిన్న షెడ్లకూ గ్యాసు పైపులు బిగించడం, ఏటా పరీక్ష చేసి ధ్రువపత్రం ఇవ్వడం నా పని. లైసెన్సు ఉన్నవాణ్ణి. పైపు పాతబడితే ప్రభుత్వ నియమం రెండు దారులు చూపిస్తుంది. తీసేసి కొత్తది వేయాలి, లేకపోతే పరీక్షలో నిలిచిందని నాలాంటివాడు రాసివ్వాలి. మొదటి దారిలో గోడ పగలగొట్టాలి, పని ఆపాలి. రెండో దారికి పెన్ను చాలు. ఇన్నేళ్లూ నేను తిన్న అన్నం ఆ రెండో దారిదే.

ధర్మవరంలో ఆవిడ పనిచేసే అద్దకం షెడ్డులో సిలిండర్లు బయట వరుసగా ఉంటాయి. అక్కడి నుంచి ఇనుప పైపు గోడలో దూరి లోపలి పొయ్యిల దగ్గరకు వస్తుంది. పొయ్యిల మీద పెద్ద తొట్లలో పట్టు నూలును సబ్బూ సోడా వేసి ఉడికిస్తారు, బంక పోవడానికి. ఆ తర్వాతే రంగు. రోజంతా ఆవిరే. ఆ ఆవిరికి పైపు గోడలో దూరే చోట పొరలు పొరలుగా తుప్పు లేచింది.

నేను పరీక్షకు వెళ్లిన పొద్దున, అక్కడ నూలు ఉడికించే ఆవిడే తలుపు తీసింది.

"అన్నా, తలుపు తీయంగానే గ్యాసు వాసన కొడ్తాంది. వారం దినాల్నుంచి చెప్తాండా, ఎవురూ ఇనరు."

షెడ్డు యజమాని నవ్వాడు. "రంగుల వాసనకు ఈయమ్మ ముక్కు ఎప్పుడో పోయిండాది. ఇంట్లో చారు మాడినా తెలీదంట, వాళ్లాయనే చెప్పినాడు."

"అది మా ఆయన కాచిన చారప్పా. మాడకుంటేనే వింత."

పైపులో గాలి నింపి, గేజు ముల్లు కదలకుండా నిలిచిందో లేదో చాలాసేపు కనిపెట్టుకుని ఉండాలి. నేను ఆ పని చేయలేదు. అతుకులకు సబ్బు నీళ్లు రాశానంతే. గోడ దగ్గర బుడగలు లేచాయి.

"ఈడ సూడన్నా" అని ఆమె వేలు పెట్టి చూపించింది.

"నీ తొట్టి నురగే అక్కా అది. ఈ షెడ్డులో నురగ లేని జాగా యాడుండాది?" అని గుడ్డతో తుడిచేశాను.

తొట్టి నురగ ఆరితే ఆరినట్టే. గ్యాసు బుడగ పగిలిన చోటే మళ్లీ పుడుతుంది. నేను తుడిచిన చోట మళ్లీ పుట్టింది. చూశాను. పెళ్లిళ్ల కాలం, చీరల ఆర్డర్లు మీద పడి ఉన్నాయి. గోడ పగలగొట్టమంటే ఆ వీధిలో ఇంకే షెడ్డూ నన్ను పిలవదు. తుప్పు మీద పసుపు రంగు కొట్టించి సంతకం పెట్టాను. తనిఖీకి వచ్చిన అధికారి గడప దాటలేదు. "కొత్తదాని మాదిరి ఉండాదే" అని ముద్ర కొట్టి పోయాడు.

నెల తిరక్కముందే ఒక పొద్దున ఆమె అగ్గిపుల్ల గీసింది. వాసన వచ్చిందట. అది గ్యాసు కాదని లైసెన్సు ఉన్నవాడు చెప్పాడు కదా అని గీసిందట.

పైపు బాగుందని నా ధ్రువపత్రం చెబుతోంది కాబట్టి, పొయ్యి వాల్వు ఆమే తెరిచి వదిలేసి ఉంటుందని నివేదికలో రాశారు. పరిహారం రాదన్నారు. యజమాని ఫోను చేసి, "ఏమబ్బా, నీ కాగితం మనిద్దర్నీ గట్టెక్కించింది" అన్నాడు. నా గుండె కుదుటపడింది. ఆ పూట కడుపునిండా తిన్నాను. ఆ ముద్దలు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడు నెలలు నోరు మూసుకున్నాను. ఆ తర్వాత బత్తాయిలు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆమె భర్త మగ్గం మీద ఉన్నాడు, లేవలేదు. ఆమె వేళ్లు వంగడం లేదు.

"తొందర్లో వాల్వు నేనే తెరిచిపెట్టింటానేమో అన్నా. సార్లు ఊరికే రాస్తారా?" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె ముక్కు నిజం చెప్పింది. దాన్ని ఆమే నమ్మకుండా చేశాం, నేనూ, ఆ ముద్ర కొట్టినవాడూ, ఆ నివేదిక రాసినవాడూ.

"లేదక్కా. నువ్వు చూపించింది గ్యాసే. నాకు ఆ పొద్దే తెలుసు."

మగ్గం ఆగింది. "ఆ మాట ఈడ నా పెండ్లానికి చెప్తే ఏమొస్తాది? పోయి పెనుకొండ ఆఫీసులో ఆ నివేదిక రాసిన సార్లకు చెప్పు. ఆ పండ్లు కూడా తీసుకపో" అన్నాడు అతను.

పెనుకొండలో విచారణాధికారి నా మాట విని పెన్ను పక్కన పెట్టాడు. "పొరపాటున గమనించలేదని రాద్దాం. నీ లైసెన్సు దక్కుతాది."

"పొరపాటు కాదు సార్. చూసి తుడిచేసినా. అట్లే రాయండి."

అలా సంతకాలు పెట్టిన తక్కిన షెడ్ల జాబితా కూడా ఆయన ముందు పెట్టాను. "వీటి మింద ఫిర్యాదులేం రాలేదు కదప్పా" అని వెనక్కి నెట్టాడు. మనిషి కాలితే తప్ప కదలని నియమం దేనికని అరిచాను. బంట్రోతు వచ్చి భుజం పట్టుకున్నాడు. ఆ అరుపు ఆ పొద్దున షెడ్డులో అరవాల్సింది. లైసెన్సు పోయింది. పోవాల్సిందే. జాబితాలోని షెడ్లకు నేనే వెళ్లి పైపులు మార్చమని చెప్పాను. ఒక్కరు గోడ పగలగొట్టారు. తక్కినవాళ్లు నన్ను తిట్టి పంపారు.

నివేదిక మళ్లీ తెరిచారు. నిర్లక్ష్యమన్న వాక్యం కొట్టేసిన రోజు ఆమెను పెనుకొండకు పిలిచారు. సంతకం వచ్చిన మనిషే, కానీ పెన్ను వేళ్లలో నిలవలేదు. గుమాస్తా సిరా డబ్బా ముందుకు తోశాడు. ఆమె బొటనవేలు ఒత్తింది. కాగితం మీద నల్లటి మచ్చ పడింది.

"గట్టిగా ఒత్తమ్మా. గీతలు పడాల" అన్నాడు గుమాస్తా.

"ఉంటే పడవా సార్?" అంది ఆమె. అని, ఆయన వైపు కాదు, నా వైపు చూసింది.