పెదనాన్నగారి కారు కదలని రోజు

ఇవాళ వీధిలో ఎవరిదో కారు, తాళం తిప్పితే టక్‌మని ఊరుకుంది. అమ్మ గుర్తొచ్చింది.

చిన్నప్పుడు తెల్లవారుజామున అమలాపురం పెళ్లికి బయల్దేరుతుంటే, "చోటు చాలట్లేదమ్మా, నువ్వూ పిల్లా బస్సులో వచ్చేయండి" అని పెదనాన్నగారు మమ్మల్ని కారు దింపేశారు. ఆపైన తాళం తిప్పితే టక్‌మంది, అంతే. వెలుగుతున్న లైట్లు కూడా ఆరిపోయాయి. ఆయన పట్టుపంచె ఎగ్గట్టి బురదలో కారు తోస్తుంటే, దేవుడే శిక్షించాడని మురిసిపోయాను.

బస్సెక్కాక అమ్మ మెల్లగా అంది: "బ్యాటరీ తీగ వదులైందే. బిగిస్తే సరిపోయేది." లారీలు నడిపిన తాతయ్య కూతురు మరి.

"చెప్పలేదేమ్మా?"

"దింపేసినోళ్లకి మనమెందుకు చెప్పాలే?"

అమ్మ ఎవరినీ పల్లెత్తు మాట అనదని చుట్టాలంతా మెచ్చుకునేవారు. నిజమే, ఆవేళా అనలేదు.