జులపాల బ్యాండూ, మా అక్క రికార్డింగూ

టేపు రికార్డరు ఉన్న ఇంట్లో మనుషులకు నోరు విప్పే హక్కు లేని రోజులవి. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఒక క్యాసెట్టులోని పాటను ఇంకో క్యాసెట్టులోకి ఎక్కించాలంటే మా లాల్‌దర్వాజాలో ఉన్న పద్ధతి ఒక్కటే. రెండు టేపు రికార్డర్లను మంచం మీద ఎదురెదురుగా కూర్చోబెట్టడం, ఒకదాంట్లో పాట పెట్టడం, రెండోదాంట్లో రికార్డు బటన్ నొక్కడం, ఆ తర్వాత ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టడం. (రెండింటినీ కలిపే వైరు ఒకటి దొరుకుతుందని నాకు ఎప్పుడో తర్వాత తెలిసింది.) కిటికీలు మూసి, తలుపు కింద సందులో గోనెపట్టా కుక్కి, పెదవుల మీద వేలు పెట్టుకుని నేను కాపలా నిలబడేవాణ్ణి. అమ్మ పోపు పెట్టడానికి వీల్లేదు, బాపు దగ్గడానికి వీల్లేదు. పక్కవాటాలో పాల వ్యాపారం చేసే పెద్దనాన్న బర్రెలు మాత్రం నా మాట వినేవి కావు. రెండో టేపు రికార్డరు ఆయనదే కాబట్టి వాటిని పల్లెత్తు మాట అనలేకపోయేవాణ్ణి.

ఇంత తంటా దేనికంటే ఒక ఇంగ్లీషు రాక్ బ్యాండు కోసం. మేము పలకా బలపం పట్టినప్పటి నుంచీ పాడుతున్న పాత కాపులు వాళ్ళు. క్యాసెట్టు అట్ట మీద బొమ్మ చూసి మా అక్క వాళ్ళకు జులపాలోళ్ళని పేరు పెట్టింది. "వీళ్ళకు మంగలి దొరుకుతలేడా తమ్మీ?" అని అడిగింది కూడా. నేను అప్పుడు ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో అప్రెంటిసుని. బెల్‌బాటమ్ ప్యాంటు వేసుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నాకు అర్థం కాని ఇంగ్లీషు పాటలకు తల ఊపడం అప్పట్లో నా ముఖ్యమైన పని. నాతో పాటు పనిచేసే బొల్లారం దోస్తు దగ్గర ఆ బ్యాండు క్యాసెట్లు ఉండేవి. స్టూడియోలో పాడినవి అందరూ వింటారని, జనం ముందు స్టేజీ మీద పాడుతుంటే పట్టిన లైవ్ రికార్డులే అసలైన సరుకని వాడే నా చెవిలో ఊదాడు. అవి ఐదు ఉండేవి. ఒక్కొక్కటే అడిగి తెచ్చి, ఒక్క రోజు ఉంచుకుని, పైన చెప్పిన పద్ధతిలో నా క్యాసెట్లలోకి ఎక్కించుకున్నాను. మూడో రికార్డులో రెండు పాటల నడుమ బాపు దగ్గు ఉంది. ఒకసారి ఆయన అది విని, "గిది నేనే గదా" అని మురిసిపోయి, ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఆ ముక్క పెట్టి వినిపించమనేవాడు.

ఆ కాలంలోనే మూసీ అవతల, హిమాయత్‌నగర్‌లో ఒక ఇంట్లో, ప్రతి ఆదివారం ఇంగ్లీషు పాటలు వినే కుర్రాళ్ళ క్లబ్బు ఒకటి నడిచేది. ఆ ఇంటి అబ్బాయికి చెవుల ముందు నుంచి చెంపల మీదికి దిగిన జుట్టు, పెద్ద పెద్ద కలమ్‌లు ఉండేవి కాబట్టి అందరూ వాణ్ణి కలమ్ భాయ్ అనేవాళ్ళు. వాళ్ళింట్లో నిజమైన రికార్డు ప్లేయరు ఉంది, గోడకు ఆనించి వరసగా రికార్డులున్నాయి. క్లబ్బులో చేరితే ఆ రికార్డులు ఇంటికి తెచ్చుకోవచ్చు. కానీ నాకు కావలసింది రికార్డులొక్కటే కాదు. ఆ కుర్రాళ్ళు సోఫాలో కాళ్ళు చాపుకుని, ఏ గిటారు ఎక్కడ తడబడిందో మాట్లాడుకుంటుంటే, వాళ్ళలో ఒకడిగా నేనూ కాళ్ళు చాపుకోవాలి. అదీ నా పిచ్చి. ఎక్కడుంటావని అడిగితే లాల్‌దర్వాజా అని చెప్పడానికి సిగ్గుపడి "చార్మినార్ సైడ్" అని ముక్తసరిగా చెప్పేవాణ్ణి. క్లబ్బులో చేరాలంటే ఒక పరీక్ష ఉంది. జులపాల బ్యాండు లైవ్ రికార్డులకు ఒకటి నుంచి ఐదు దాకా ర్యాంకులు ఇవ్వాలి, ఎందుకు ఇచ్చావో చెప్పాలి, ఫస్టు ర్యాంకు రికార్డులోంచి ఒక పాట పెట్టి సభ్యులను ఒప్పించాలి. ఒప్పుకుంటే చేతులెత్తుతారు, లేకపోతే చాయ్ తాగించి పంపిస్తారు.

నా ఫస్టు ర్యాంకు విషయంలో నాకు రవ్వంత అనుమానం కూడా లేదు. అది నాలుగో రికార్డు. అది ఎక్కించే రోజు నాకు పొద్దుటి షిఫ్టు పడింది, సాయంత్రానికల్లా క్యాసెట్టు తిరిగి ఇవ్వాలని దోస్తు పట్టుబట్టాడు. గత్యంతరం లేక ఆ పని అక్కకు అప్పగించాను. బటన్లు చూపించి, "ఇల్లు కూలినా సరే, నడుమల బటన్ ముట్టకు" అని మూడుసార్లు చెప్పాను. సాయంత్రం వచ్చేసరికి రెండు క్యాసెట్లూ బుద్ధిగా డబ్బాల్లో ఉన్నాయి. "మంచిగొచ్చింది తియ్" అంది అక్క. అసలుది దోస్తుకు ఇచ్చేసి, నాది పెట్టుకుని విన్నాను.

ఏం చెప్పమంటారు. మూడో పాట నెమ్మదైన పాట, గిటారు ఒక్కటే ఏడుస్తున్నట్టు సాగుతుంది. సగంలోకి వచ్చాక ఎక్కడో దూరంగా డప్పు మొదలవుతుంది. మెల్లగా దగ్గరికొస్తుంది, ఇంకా దగ్గరికొస్తుంది, జనం ఈలలు, కేకలు, ఒక ఆడమనిషి పూనకం వచ్చినట్టు అరుపు. గిటారు ఆ హోరులో పూర్తిగా మునిగిపోతుంది. తర్వాత డప్పు అట్లాగే మెల్లగా దూరమైపోతుంది. నా ఒళ్ళు జలదరించింది. ఆ రాత్రే నాకొక సిద్ధాంతం తట్టింది. డ్రమ్ములవాడు స్టేజీ దిగి, డ్రమ్ము మెడకు తగిలించుకుని, జనం మధ్యలోంచి నడుచుకుంటూ పోయాడన్నమాట. ప్రపంచంలో ఇంకెవరికీ రాని ఆలోచన. (మా ఇంటి ముందు ఆషాఢమంతా డప్పులు మోగుతుంటే "ఏం లొల్లి ఇది" అని కిటికీలు మూసుకున్నది కూడా నేనే. అవి వేరు, ఇవి వేరు.)

పరీక్ష రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. కలమ్ భాయ్, కళ్ళద్దాల వల్ల చష్మా అని పిలిపించుకునే ఇంకో కుర్రాడు, మరో ఇద్దరు సోఫాలో ఉన్నారు. ఐదో ర్యాంకు నుంచి మొదలుపెట్టి, అద్దం ముందు సాధన చేసిన ఇంగ్లీషు ముక్కలు దట్టిస్తూ పైకి వచ్చాను. నాలుగో రికార్డుకు ఫస్టు అనగానే వాళ్ళు ముఖాలు చూసుకున్నారు. "అది మేమందరం లాస్ట్ పెడతం యార్, నిద్రొస్తది" అన్నాడు కలమ్ భాయ్. నేను పెద్దమనిషి తరహాలో నవ్వి, "మీరు మూడో పాట మనసుపెట్టి వినలేదు" అన్నాను. డ్రమ్ములవాడు జనంలో నడిచే సంగతి వివరించాను. అటువంటి సంగతే ఉంటే తమకు తెలియకుండా ఎట్లా పోయిందని చష్మా అడిగాడు. "చెవి కావాలి భాయ్" అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుర్తొచ్చి, ఒంటరిగా ఉన్నప్పుడు నాలుక కరుచుకుంటుంటాను.

క్యాసెట్టు పెట్టాను. డప్పు దూరంగా మొదలైంది. వాళ్ళు సోఫాలో ముందుకు జరిగారు. దగ్గరికొస్తుంటే చష్మా కాలు ఆడించసాగాడు, కలమ్ భాయ్ కళ్ళు పెద్దవయ్యాయి. గెలిచానని నాకు తెలిసిపోయింది. సరిగ్గా అప్పుడు లోపలి గది తలుపు తెరుచుకుంది. కలమ్ భాయ్ వాళ్ళ నానమ్మ గోడ పట్టుకుంటూ గబగబా వచ్చింది. ఆమె పుట్టిల్లు మా పక్కనే ఉన్న శాలిబండ అని, మోకాళ్ళ నొప్పులతో మూసీ దాటి అటు పోక చాలా కాలమైందని నాకు తర్వాత తెలిసింది. ఆమె మమ్మల్ని చూడనైనా లేదు, చీర కొంగు తల మీదికి లాక్కుంది.

"గేటు తియ్యుండ్రి, ఘటం వచ్చింది. బిందెల నీళ్ళు తెండ్రి జల్ది."

"నానమ్మా, ఇది టేపు. ఇంగ్లీషోళ్ళ పాట" అన్నాడు మనవడు.

"ఏ ఇంగ్లీషోళ్ళురా? గది మా దిక్కు డప్పు. గీ దెబ్బ లాల్‌దర్వాజా దెబ్బ గాదూ?"

చష్మా లేచి టేపు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. అప్పటిదాకా ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, కానీ ఆ గదిలో, ఆమె పక్కన నిలబడి విన్నప్పుడు మాత్రం, పూనకం వచ్చిన విదేశీ అభిమాని అరుపు మా అమ్మ గొంతుతో వినిపించింది: "ఓ పోరీ, తలుపు తీసిపెట్టు, చెంబుల నీళ్ళు తే." ఆషాఢంలో, బోనాలప్పుడు, అమ్మవారి ఘటం గల్లీగల్లీ తిరుగుతుంటే ఇంటి ముందు నీళ్ళు పోయని ఇల్లు మా దగ్గర ఉండదు. పాట ఎక్కుతున్న ఆ రోజు కూడా అమ్మా అక్కా తలుపు బార్లా తెరిచి, నీళ్ళు పట్టుకుని వాకిట్లోకి పోయారు. మంచం మీద రెండు మిషన్లు తమ పని తాము చేసుకుపోయాయి.

వాళ్ళు నవ్వారు. కడుపు పట్టుకుని, సోఫా మీంచి జారి నవ్వారు. నేను క్యాసెట్టు తీసుకుని లేచాను. భూమి చీలితే బాగుండునని అంటారు చూడండి, అప్పుడు నాకు హిమాయత్‌నగర్ భూమి చీలినా అందులోంచి ఎవరో కళ్ళద్దాల కుర్రాడు తొంగిచూసి నవ్వుతాడనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట దాచి లాభం లేదు. నానమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"యాడికి బిడ్డా? కూసో. ఇంకోసారి పెట్టు."

పెట్టాను. ఆమె సోఫాలో మధ్యన కూర్చుని, కళ్ళు మూసుకుని వింది. అయిపోగానే మళ్ళీ పెట్టమంది. రాక్ క్లబ్బు ఆ ఆదివారమంతా ఘటం ఊరేగింపు వింటూ గడిపింది. చివరికి కలమ్ భాయ్, "సరే, పరీక్ష సంగతేంది? వీన్ని పంపిద్దామా?" అన్నాడు. చష్మా కళ్ళద్దాలు తుడుచుకుంటూ గంభీరంగా అన్నాడు: "లైవ్ రికార్డు అంటే ఏంది భాయ్? వింటుంటే మనం ఆడ ఉన్నట్టు అనిపియ్యాలె. నానమ్మ గేటు తియ్యమన్నది. మన రికార్డులు విని ఇన్నేండ్లల్ల ఎవరన్న గేటు తియ్యమన్నరా?" నలుగురూ చేతులెత్తారు. నానమ్మ, ఎందుకో తెలియకపోయినా, తనూ ఎత్తింది.

క్లబ్బులో చేరినందుకు సంతోషపడ్డానా అంటే, లేదు. సంగీత జ్ఞానంతో పోదామనుకున్నవాణ్ణి నానమ్మ కోటాలో పోయానే అని బస్సులో దారి పొడుగునా కుతకుతలాడాను. ఇంటికి రాగానే అక్క మీద విరుచుకుపడ్డాను. పరువు తీశావన్నాను, ఘటం వచ్చినప్పుడు టేపు ఆపాలని ఇంగితం ఉండక్కర్లేదా అన్నాను. అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండానే వింది.

"నువ్వే గదరా ఇల్లు కూలినా బటన్ ముట్టకు అన్నవ్. ఇల్లు గూలలే, ఘటం వచ్చింది. నేను బటన్ ముట్టలే."

చాట పక్కన పెట్టి ఆమె అడిగింది: "ఇంతకూ దానికి ఎన్నో నంబరిచ్చిండ్రు?"

"ఫస్టే ఇచ్చిండ్రు" అన్నాను గొణుగుతూ.

"మరి తిట్లెందుకు తిడ్తున్నవ్?" అని మళ్ళీ బియ్యం చాట అందుకుంది.

తర్వాత క్లబ్బు నుంచి ఆ అసలు రికార్డు తెచ్చుకుని విన్నాను. మూడో పాటలో గిటారు మొదలు నుంచి చివరిదాకా ఒక్కటే ఏడుస్తుంది, ఎవరూ రారు, ఎవరూ పోరు. కలమ్ భాయ్ అన్నట్టు నిద్రొస్తుంది. ఇప్పుడు నా ఫోనులో ఆ బ్యాండు పాటలన్నీ ఏ మచ్చా లేకుండా ఉన్నాయి. ఎప్పుడైనా ఆ పాట పెట్టుకుంటే, సగంలోకి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే పోయి కిటికీ తలుపు తీస్తుంది. బెల్‌బాటమ్ వేసుకుని, వేలు పెదవుల మీద పెట్టుకుని ఇంట్లోవాళ్ళందరినీ నోరు మూయించిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. పాపం, వాడికి ఏం వినాలో మాత్రం తెలియలేదు.