బొమ్మ రైలు పక్కన టీపొడి గట్టు

డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో మనిషికి ఒక ధైర్యం ఉంటుంది. ఏ పని చెప్పినా ‘చేస్తాను సార్’ అనేసి, ఎలా చేయాలో తర్వాత ఆలోచించుకునే ధైర్యం. ఆ రోజుల్లో నాకది మోతాదు మించి ఉండేది. జమ్మలమడుగు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ కట్టబోతున్న ఒక కంపెనీలో ట్రైనీగా చేరి ఐదు నెలలైంది. ఆరో నెలలో నన్ను ఉంచాలో పంపించాలో తేల్చేది మా కొలతల సార్. (టీ గ్లాసును కూడా బల్ల అంచు చూసి సరిగ్గా పెట్టే మనిషి. ఆ పేరు నేనే పెట్టాను, ఆయనకు ఇప్పటికీ తెలియదు.) ఒకరోజు ఆయన ఒక అట్టపెట్టె తెరిచి చిన్న ఇంజను, నాలుగు వ్యాగన్లు, పట్టాలు చూపించారు. "ఫ్యాక్టరీ నమూనా చేయాలి. రైలు తిరగాలి. కొండలు, షెడ్లు, చెట్లు నువ్వే ప్లాన్ చెయ్యి. భూములిచ్చే రైతులకు చూపిస్తాం. బాగా వస్తే నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

ఇంకేం, రెండు నోటుపుస్తకాలు నింపేశాను. సిమెంటు గోదాములకు పౌడరు డబ్బాలు, షెడ్లకు క్యాలెండరు అట్టలు, క్వారీకి నాపరాయి ముక్కలు, చెట్లకు తంగేడు పుల్లల మీద పచ్చరంగు స్పాంజి. (గండికోట కూడా పెడదామనుకున్నాను. ఫ్యాక్టరీ కంటే కోటే బాగా వచ్చేలా ఉందని మానేశాను.) కింద వేసే పెద్ద పలక ప్రొద్దుటూరులో చేయించి బస్టాండుకు మోయించాను. కండక్టరు ఎగాదిగా చూసి, "ఏంది పాపా, ఇంటి తలుపు పీక్కోని పోతాండావా? ఇది పట్టదు గానీ రెండు ముక్కలు చేయించుకోని రాపో" అన్నాడు. చేయించాను. ఆ రెండూ కలిపితే పట్టాలకూ కొండకూ మధ్య అతుకు వేలెడు వెడల్పున నోరు తెరుచుకుని కనబడింది. లప్పం పెడితే పగిలింది. చివరికి అటూ ఇటూ పచ్చని చేలు పెట్టి, అతుకు పొడవునా ఎండబెట్టిన టీపొడి అంటించి గట్టు పోశాను. సార్ చూసి ముచ్చటపడి, "గట్టు కూడా సర్వే ప్రకారమేనా?" అన్నారు. "అవును సార్" అన్నాను. ధైర్యం మరి!

ఆ రైలు దారి నిజంగా పోవాల్సింది మైలవరం వైపు ఇద్దరు అన్నదమ్ముల చేలలో. చేల మధ్య గట్టు ఎక్కడుండాలన్న తగాదాతో తమ్ముడు అలిగి పులివెందులలో అత్తగారింటికి వెళ్లిపోయాడట. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. ఇద్దరూ సంతకం పెడితేనే లైను. చూడ్డానికి ఇద్దరూ వచ్చారు, చెరో మూలన నిలబడ్డారు. రైలు తిరిగింది, అందరూ మురిసిపోయారు. "ఇందులో ప్రతి అంగుళం కొలిచి పెట్టిందే" అన్నారు సార్. అంతే, అన్న నమూనా మీదికి వంగాడు.

"ఏమప్పా, ఇట్ల రా! గట్టు యాడుందో చూడు. కంపెనీవాళ్లే కొలిసినారు. నేను చెప్పిన కాడనే ఉండాది."

"అంటే ఆపక్క నా నాలుగు సాళ్లూ నీవేనా?" అని తమ్ముడు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "కంపెనీని కూడా కలుపుకోని నా చేను మింగుతాండావు. నేను సంతకం పెట్టేదే లేదు. పులివెందల బస్సు యాడ ఆగుతాదో చెప్పండి."

"పోతే పో. ఈ బొమ్మను కోర్టుకు ఎత్తుకోని పోతా!"

సార్ నా వైపు తిరిగి, "ఆ సర్వే కాగితం తీసుకురామ్మా" అన్నారు. ఉంటే కదా! నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, విప్పకపోతే నా టీపొడి వల్ల ఆ ఇద్దరూ ఈ జన్మలో కలవరు. బోరుమని ఏడుస్తూ వెళ్లి గట్టు మొత్తం గోళ్లతో పీకేశాను. "సర్వే లేదు, ఏమీ లేదు పెద్దాయనా! పలకల అతుకు కనపడకుండా టీపొడి పెట్టినా. తప్పు నాదే."

రైలు తిరుగుతూనే ఉంది. తమ్ముడు అతుకులో వేలు పెట్టి చూశాడు. ఒక పలుకు తీసి వాసన చూశాడు. "టీపొడేనన్నా" అన్నాడు. అన్న కూడా వాసన చూసి, పొట్ట పట్టుకుని నవ్వి, సార్ వైపు తిరిగాడు. "అంగుళం అంగుళం కొలిసినామంటివే సారూ! గట్టే ఉత్తదైతే నీ పట్టాలు ఏం నమ్మకం? మా కండ్ల ముందర కొలిసి చూపియ్యి, ఆమీట సంతకం."

"మా అన్న చెప్పిందే నాది కూడా" అన్నాడు తమ్ముడు.

అలా కొలతల సారూ నేనూ పదిహేను రోజులు ఎండలో టేపు పట్టుకుని తిరిగాం. అన్నదమ్ములిద్దరూ ఒకే గొడుగు కింద నిలబడి, "ఇంగా బిగబట్టు పాపా!" అని కేకలు. తీరా చూస్తే గట్టు ఉండాల్సింది ఇద్దరిలో ఏ ఒక్కరూ చెప్పిన చోటు కాదు. దానికి వాళ్లు పోట్లాడుకోలేదు, ఎప్పుడో తప్పు కొలిచిపోయిన పాత సర్వేయరును తిట్టుకుంటూ సంతకాలు పెట్టారు. సార్ నన్ను పిలిచి, "నీకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఇకమీద రైతులతో నువ్వే మాట్లాడు" అన్నారు. ఉద్యోగం నిలబడింది.

ఇప్పుడు ట్రైనీలను ఉంచాలో పంపించాలో తేల్చే కుర్చీలో నేనే కూర్చున్నాను. నమూనాలు నగరం నుంచి తయారై వస్తాయి. వాటిలో ఏది కొలిచిందో, ఏది అందానికి పెట్టిందో నేను అడగను, రైతులు అడిగితే తడబడకుండా జవాబు చెబుతాను. అప్పుడప్పుడు టీపొడి గట్టు పీకిన ఆ ఏడుపుగొట్టు పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. దాని మీద నాకు శానా ముద్దు. కానీ ఇవాళ అది నా దగ్గరికే వస్తే ఉద్యోగంలో ఉంచుతానా అంటే, ఏమో, చెప్పలేను.