ఏడుసార్లు కరిచిన ఉట్టి

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ప్రొద్దుటూరులో మా వీధికి కరెంటు వచ్చింది. రాజధాని హైదరాబాదుకు మారిన తర్వాతి వానాకాలంలో మా వంటింటి ఉట్టి నా భార్యను కరవడం మొదలుపెట్టింది.

అది తాళ్ళతో అల్లిన ఉట్టి కాదు. దూలంలో దిగ్గొట్టిన ఇనుప కొక్కెం, దానికి ఇనుప గొలుసు, గొలుసు చివర గిన్నె పట్టేంత ఇనుప చట్రం. పాలూ పెరుగూ పిల్లికి అందకుండా అందులో పెట్టేవాళ్ళం. ఒక ఉదయం ఆమె పాలచెంబు దించబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. చెంబు బండల మీద పడింది. ఏమైందని అడిగితే, ఉట్టి కరిచిందని చెప్పింది.

నేను వెళ్ళి గొలుసును రెండు చేతులతో పట్టుకుని ఇరవై లెక్కపెట్టాను. ఏమీ కాలేదు.

నాకు లెక్కలు ఎవరూ నేర్పలేదు. ఐదో తరగతితో బడి మానేసి, పత్తి తూచే చోట పనికి కుదిరి, అక్కడ బేళ్ళ మీద నేర్చుకున్నాను. బావి ఒరకు ఎన్ని బండ్ల రాయి కావాలో, గాదెలో ఎన్ని బస్తాల జొన్నలు పడతాయో జనం వచ్చి నన్ను అడిగేవారు. ఉట్టి సంగతి కూడా లెక్కతోనే తేలుతుందనుకున్నాను. ఒక కాగితం మీద నాలుగు గడులు గీశాను: తేదీ, వాన పడిందా, ఆమెను కరిచిందా, నన్ను కరిచిందా. ఆమెను కరిచిన ప్రతిసారీ నేను వెంటనే వెళ్ళి పట్టుకునేవాణ్ణి.

ఇరవై ఒక్క రోజులకు ఆమె గడిలో ఏడు, నా గడిలో సున్న. ఆ ఏడూ వాన పడిన రోజుల్లోనో ఆ మర్నాడో జరిగాయి. వానకు ఆమె ఒంట్లో వాతం పెరుగుతోందని నేను అర్థం చేసుకున్నాను. పట్టిక సరిగ్గానే ఉంది. తప్పు చదివినవాడు నేను.

ఆ వారంలోనే పులివెందుల నుంచి మా అక్క వచ్చింది. ఆమె కూడా ఉట్టి పట్టుకుని చూసింది, ఆమెనూ కరవలేదు. ఇద్దరిని కరవనిది మూడో మనిషిని కరిచిందంటే తప్పు ఉట్టిలో ఉండదని ఆమె తేల్చింది. గాలి సోకిందని, ఇలాంటివి పులివెందులలో తాను రెండు చూశానని, పుట్టింటికి పంపి తాయెత్తు కట్టిస్తే దసరాకల్లా సర్దుకుంటుందని చెప్పింది. నా భార్య పుట్టిల్లు జమ్మలమడుగు. అట్లా పంపిన ఆడమనిషి తిరిగి వచ్చాక ఆమె మాటకు వీధిలో తూకం తగ్గుతుంది. తర్వాత ఒళ్ళు నొప్పి అన్నా, పాలు విరిగాయన్నా జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా శుక్రవారం బస్సు ఎన్ని గంటలకో కనుక్కొచ్చాను.

నా భార్య వంటింటి గడపలో నిలబడి ఇదంతా విన్నది.

"పొమ్మంటే పోతా వదినా. గాలి పట్టిందనుకోండి, పిచ్చి పట్టిందనుకోండి. ఉట్టి కరిసిందా లేదా అని అడిగితే మాత్రం, ఆడ మా అమ్మకైనా కరిసిందనే చెప్తా."

"చూసినావా అబ్బీ, మొండితనం గూడా పట్టుకునె," అని అక్క నాతో అంది.

శుక్రవారం తెల్లవారేదాకా వాన పడింది. పది గంటల బస్సు. నా భార్య మూట కట్టుకుని వసారాలో పెట్టింది. అక్క వంటింట్లో పీట మీద కూర్చుని గోరుచిక్కుడు కాయలకు ఈనెలు తీస్తోంది. నాకు మజ్జిగ కావలసి వచ్చింది. అక్కను లేపడం ఎందుకని, తడి బండల మీద మునికాళ్ళపై నిక్కి ఉట్టి అందుకున్నాను.

నా చెయ్యి భుజం దాకా ఇంకెవరిదో అయిపోయింది. పళ్ళు టకటక కొట్టుకున్నాయి. తర్వాత చూసుకుంటే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను, మజ్జిగ నా ఒళ్ళో ఉంది. నా భార్య వచ్చి గడపలో నిలబడింది.

"కరిసిందా?"

"ఊ."

"పో, రాసుకోపో."

నేను నిజంగానే వెళ్ళి రాసుకున్నాను. నా గడిలో మొదటిసారి ఒకటి పడింది. అప్పుడు మిగతా సంగతి కనిపించింది. నేను పొట్టివాణ్ణి. అక్క నాకంటే రెండు వేళ్ళు పొట్టి. మా వంశంలో ఎవరైనా ఉట్టి అందుకోవాలంటే పీట వేసుకోవాలి. ఎండిన కొయ్య మీద నిలబడినవాణ్ణి కరెంటు పట్టదు. నా భార్య నాకంటే నాలుగు వేళ్ళు పొడుగు, వట్టి కాళ్ళతో బండల మీద నిలబడే అందుకుంటుంది. ఆ నాలుగు వేళ్ళకు నా పట్టికలో గడి లేదు.

ఎవరూ ఏ ఇనుమూ ముట్టవద్దని చెప్పి, వసారాలో మీటరు దగ్గరికి పోయాను. ఇంట్లో దీపాలన్నీ ఆర్పి ఉన్నాయి. అయినా మీటరులో చక్రం తిరుగుతోంది. దాని అంచున ఉండే ఎర్ర గుర్తు ఒకసారి పోయి మళ్ళీ వచ్చేసరికి డెబ్బై నాలుగు లెక్కపెట్టాను. ఎవరూ వాడని కరెంటు ఎక్కడికో పోతోందన్నమాట. మెయిన్ స్విచ్చి చేత్తో ముట్టే ధైర్యం లేదు. రోకలి తీసుకున్నాను గానీ దానికి ఇనుప పొన్ను ఉంది. రోకలి పెట్టేసి, పొడి కవ్వం తెచ్చి, పీట మీద నిలబడి దానితో స్విచ్చి కిందికి నెట్టాను. చక్రం నిలిచింది. పీట కోసం అక్కను లేపవలసి వచ్చింది. ఆమె మంచం ఎక్కి కూర్చుని మధ్యాహ్నం దాకా దిగలేదు.

వైరింగు చేసిన మేస్త్రీ సాయిబు మా వీధి చివరే ఉండేవాడు. నన్ను మామా అని పిలిచేవాడు. నేను డెబ్బై నాలుగు అని చెబితే అతను దాన్ని పట్టించుకోకుండా, వంటింటి లైనుకు ఉన్న ఫ్యూజు పీకి మెయిన్ వేశాడు. చక్రం కదల్లేదు. మెయిన్ తీసి, ఫ్యూజు పెట్టి మళ్ళీ వేశాడు. తిరిగింది. తప్పు వంటింటి లైనులో ఉందన్నాడు. మెయిన్ ఆపి ఇద్దరం మిద్దె ఎక్కాం. వసారా నుంచి వంటింటికి వైరు మిద్దె మీదుగా ఇనుప గొట్టంలో పోతుంది.

"మామా, ఈడ నేను గొట్టం పెట్టింటి. యాడ పోయింది?"

కింద ఉందని చెప్పాను. మా ప్రాంతంలో మట్టి మిద్దెలు కారకుండా ఏటా వానలకు ముందు పైన చవుడు మన్ను పోస్తారు. కిందటి ఏడు మా మిద్దె పదకొండు చోట్ల కారింది. అందరూ పోసే రెండు వేళ్ళ మందం చాలదని లెక్కవేసి ఆ ఏడు ఐదు వేళ్ళు పోయించాను. పదకొండు చోట్లా కారడం ఆగింది. మేస్త్రీ రాతి ముక్కల మీద ఎత్తుగా పెట్టిన గొట్టం అందులో మునిగిపోయింది. దాన్ని చూసి, మిద్దె సమంగా వచ్చిందని సంతోషించినట్టు కూడా గుర్తు.

మేస్త్రీ చిటికెడు తడి చవుడు నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"చవుడంటే ఉప్పు గదా మామా. ఊరగాయ పెట్టినట్టు పెట్టినావే దీన్ని."

తవ్వితే గొట్టం తుప్పు పట్టి రేకులు లేస్తోంది. వంపు దగ్గర అతుకులో నీళ్ళు నిలిచాయి. లోపలి వైరు మీది గుడ్డా రబ్బరూ వేలితో తీస్తే ఊడి వచ్చాయి. దాని పక్కనే, దూలంలోంచి పైకి వచ్చి వంచిన ఉట్టి కొక్కెం కొన గొట్టానికి ఆనుకుని ఉంది. మేస్త్రీ దాన్ని వేలితో చూపించాడు.

"అత్త వేలి కొసలతో తాకింది కాబట్టి సరిపోయింది. పిడికిలి బిగించింటే ఇడిసేది కాదు మామా. ఎన్నిసార్లు?"

ఏడుసార్లని చెప్పాను.

రెండు రోజుల పని అయింది. గొట్టం తీసేసి, కొత్త వైరును ఇంటి లోపల గోడ పొడవునా టేకు పట్టీల మీద తెచ్చాడు. నీళ్ళు పోసుకునే జాలాడి పక్కన గుంత తవ్వి, ఇనుప పలక దించి, దాని చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి, అక్కడి నుంచి మెయిన్ దాకా ఎర్తు తీగ లాగాడు. ఉప్పు ఉండవలసింది నేలలోనని, మిద్దె మీద కాదని చెప్పాడు. నేను చవుడు రెండు వేళ్ళకు తగ్గించాను. దీపాలన్నీ ఆర్పి మీటరు ముందు కూర్చుని ఐదు వందలు లెక్కపెట్టాను. ఎర్ర గుర్తు ఉన్నచోటే ఉంది.

నా భార్య మూట ఇంకా వసారాలోనే ఉంది. మేస్త్రీ ఉట్టికి టెస్టు దీపం ముట్టించి, వెలగలేదు చూడమని ఆమెకు చూపించాడు. తర్వాత తానే చేతి వెనకవైపుతో తాకి చూపించాడు. ఆమె అంతా విని, చెంబుతో బండల మీద నీళ్ళు పోసి, నన్ను పీట లేకుండా అక్కడ నిలబడి ఉట్టి పట్టుకుని నూరు లెక్కపెట్టమంది. ఇది సరైన పరీక్ష కాదని మేస్త్రీ చెప్పాడు. నాకూ అదే అనిపించింది. అయినా నిక్కి పట్టుకుని పైకి లెక్కపెట్టాను. డెబ్బై తొమ్మిది తర్వాత ఎనభై ఐదు అన్నానట.

"ఐదు ఎగరగొట్టినావు," అంది ఆమె.

నేను ఆ ఐదూ చెప్పి, మిగతావి పూర్తిచేశాను. ఆమె వసారాలోకి పోయి మూట చేతికి తీసుకుంది. ఇప్పుడు పోవడం ఎందుకని అడిగాను.

"మీరు పంపితే పోయేది వేరే, నేను పోయేది వేరే. ఎన్ని దినాలని అడగాకు. లెక్క పెడతావు."

బస్సు దాకా తోడు పోయాను. అడగలేదు. ఇంటికి వచ్చేసరికి అక్క పీట మీద నిలబడి పాలు ఉట్టిలో పెడుతోంది. ఆమె చూడకుండా పట్టికను చించి పొయ్యిలో వేశాను.

తొమ్మిదో రోజు సాయంత్రం నా భార్య బస్సు దిగి ఒక్కతే నడిచి వచ్చింది. జమ్మలమడుగులో ఏం చెప్పిందో, వాళ్ళేం అన్నారో ఇప్పటికీ నాకు తెలియదు. మూట వసారాలో పెట్టి, జాలాడిలో కాళ్ళూ చేతులూ కడుక్కుని, తుడుచుకోకుండానే వంటింట్లోకి పోయి, పిడికిలి బిగించి గొలుసు పట్టుకుంది. కాసేపు అలాగే నిలబడి, తర్వాత పాలు దించి పొయ్యి మీద పెట్టింది.