గేదె పేరు మీద గంజి

నా చిన్నప్పుడు మా ఇంట్లో పారేయడానికంటూ ఏమీ ఉండేది కాదు. ఎండిన చెరుకాకు పొయ్యిలోకి, చిరిగిన చీరలు బొంతల్లోకి వెళ్ళేవి. చింతపిక్కలు వేయిస్తే అవే మాకు చిరుతిండి. అన్నీ మా మామ్మ చేతి మీదుగానే జరగాలి. కంచంలో నాలుగు మెతుకులు వదిలినా ఊరుకునేది కాదు. చోడవరం పక్కన చిన్న పల్లె మాది. మాకు చెరుకూ వరీ బాగానే పండేవి. అయినా ఆవిడ పొదుపు చూసిన కొత్తవాళ్ళు మాకు తిండికే లేదనుకునేవారు.

ఒక్క విషయమే నాకు అంతుపట్టేది కాదు. కూరగాయల తొక్కలు, బియ్యం కడుగు మా పశువుల తొట్లోకి వెళ్ళేవి. గంజి మాత్రం మామ్మ వేరే తపేలాలోకి వార్చి, మూత పెట్టి ఉంచేది. వెనకింటి పిన్ని రోజూ పెరటి వైపు నుంచి వచ్చి, "గేదికి కాస్త గంజుంటే పొయ్యత్తా" అనేది. మామ్మ అందులో ఇంత ఉప్పు, రెండు గుప్పిళ్ళ అన్నం కూడా వేసి పోసేది. మెతుకు మెతుక్కీ నన్ను తిట్టే మనిషి ఎవరి గేదెకో అన్నం పెట్టడమేమిటని నాకు ఉక్రోషంగా ఉండేది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఒకరోజు చద్దన్నం సగం తిని, మిగిలింది పెంట మీద పారబోశాను. మామ్మ చూసి వీపు మీద ఒక్కటి వేసింది. ఏడుస్తూ పెరట్లో కూర్చున్నాను. అక్కడ నలుగురు ఆడవాళ్ళు మా చింతపండుకి పిక్కలు తీస్తున్నారు. అంతలో పిన్ని గిన్నె పట్టుకుని వచ్చి, ఎప్పటిలాగే గేదెకని అడిగింది. వాళ్ళమ్మాయి నాతోపాటే బడికి వచ్చేది. గేదెను ఎప్పుడో వడ్డాది సంతలో అమ్మేశారని ఆ పిల్లే నాకు చెప్పింది. మామ్మ మోసపోతోందని, అది నలుగురిలో బయటపెడితే నేను తిన్న దెబ్బకి కక్ష తీరుతుందని అనిపించింది.

"మీకు గేది నేదు కదా పిన్నీ! అమ్మేసేరు కదా! మరి గంజెవరు తాగుతన్నారు?" అని అందరికీ వినబడేలా అడిగాను.

పిక్కలు తీస్తున్న చేతులు ఆగిపోయాయి. ఒకామె కిసుక్కున నవ్వింది. పిన్ని ముఖం నల్లబడింది. "ఔనమ్మా, అమ్మేసేం. మర్సిపోయేను" అని, ఖాళీ గిన్నెతోనే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మామ్మ నన్ను కొట్టలేదు. గంజి తపేలా తనే పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. చెరుకు బండి మీద నుంచి పడ్డ దగ్గర్నుంచీ పిన్ని భర్త మంచం మీదే ఉన్నాడని నాకు తెలుసు. వాళ్ళింట్లో పొయ్యి రాజేయలేదన్నది మాత్రం అప్పుడే చూశాను. చిన్నపిల్లలిద్దరూ తపేలా వంక చూస్తున్నారు. నాతో బడికొచ్చే పిల్ల నా వంక చూసింది.

"గుంట తెలీక కూసింది. పట్టవే" అంది మామ్మ.

"వద్దత్తా. గేది నేదు కదా, ఏటి సేసుకుంటాం" అంది పిన్ని. మర్యాదగానే అంది. అని, తలుపు దగ్గరగా వేసేసింది.

తిరిగి వస్తుంటే మామ్మ చెప్పింది. "గేదిని అమ్మేసిన రోజే నాకు తెలుసే. తెలిసే పోసేను." ఇంకెప్పుడూ అలా అననని నేను ఏడ్చాను. "ఇక నువ్వు అంటే ఏటి, అనకపోతే ఏటి" అంది, నా వైపు చూడకుండా.

మూడు రోజులు ఆవిడ గంజి వార్చి, మూత పెట్టి ఎదురుచూసింది. పిన్ని రాలేదు. నాలుగోనాడు దాన్ని పశువుల తొట్లో పోసేసింది. ఆ నెలలోనే వాళ్ళు కూలిపనులు వెతుక్కుంటూ విశాఖపట్నం వెళ్ళిపోయారు. ఆ పిల్ల బడి మానేసింది. వాళ్ళేమయ్యారో నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఇప్పుడు నా కోడలు, "మా అత్తగారు ఏదీ వృథా చేయరు" అని అందరితో గొప్పగా చెబుతుంది. ఆ గుణం మామ్మ దగ్గర నేర్చుకున్న మాట నిజమే. కానీ మామ్మకి ఉన్న ఓర్పు నాకు రాలేదు. మొన్న మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె మిగిలిన అన్నం తన కోళ్ళకి పట్టుకెళతానంది. పక్కనే ఉన్న నా మనవరాలు "నీకు కోళ్ళు..." అని ఏదో అడగబోయింది. దాని చెయ్యి పట్టుకుని ఆపేశాను. ఆమె వెళ్ళాక చూస్తే, పిల్ల మణికట్టు మీద నా వేళ్ళ అచ్చులు ఎర్రగా తేలి ఉన్నాయి. "నేనేం చేశాను నానమ్మా?" అని అది ఏడ్చింది. దగ్గరికి తీసుకున్నాను గానీ, నువ్వేం చేయలేదమ్మా, చేసింది నేను అని చెప్పడానికి నోరు రాలేదు.